జూలై ఒకటో తారీఖు పిల్లలు

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రధానోపాధ్యాయులు మోహనకృష్ణ గారికి, ఇంత ఉక్కపోతలోనూ మెడ బొత్తాం విప్పకుండా కూర్చున్న ముఖ్య అతిథి, మన ఉప విద్యాశాఖాధికారి త్రినాథ్ గారికి, వేదిక మీద కుర్చీలు చాలక కిందనే సర్దుకున్న పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, ఈ పూట వల పని మానుకుని పేట నుంచి నడిచొచ్చిన అక్కలకు, బావలకు, మావలకు, నేల మీద కూర్చుని నా ముఖం కంటే ఆ మూలనున్న మిక్చరు పొట్లాల బుట్టనే ఎక్కువ చూస్తున్న నా పిల్లలకు, డ్రిల్లు మాస్టారు కూర్మయ్య నమస్కారం. పొట్లాలు నా ప్రసంగం అయ్యాకే పంచమని నేనే చెప్పాను. లేకపోతే మీలో ఎంతమంది ఉంటారో నాకు తెలుసు. (నవ్వులు)

ఇప్పటికి పదకొండు శాలువాలు కప్పారు. జూన్ నెలాఖరు, ఆకు కదలని సాయంత్రం. ముప్పై ఏడేళ్లు ఎండలో నిలబడి ఈల ఊదినా తగలని వడదెబ్బను ఈ ఒక్క పూటలో తగిలించి పంపేలా ఉన్నారు. పిల్లల కాళ్లకు బూట్లు ఇప్పించండి బాబూ అని తిరిగినప్పుడు తలుపు వెనక నుంచి "అయ్యగారు ఇంట్లో లేరు" అనిపించిన పెద్దలు కూడా ఇవాళ స్వయంగా వచ్చి నా భుజం మీద పట్టు శాలువా వేసి, ఫోటో పడే వరకూ చెయ్యి తియ్యలేదు. సంతోషం. భుజాలతో పరుగెత్తే ఆట ఏదైనా ఉంటే మన బడి దేశంలోనే మొదట నిలిచేది.

ముఖ్య అతిథి గారికి ఒక విషయం చెప్పాలి. సార్, మీ కుర్చీ సరిగ్గా మా ఖో-ఖో కోర్టు మధ్య గీత మీద ఉంది. ఈ షామియానా తాళ్లు అటూ ఇటూ కట్టింది మా రెండు స్తంభాలకే. పొద్దున్న వచ్చి చూసేసరికి కోర్టు నిండా మేకులు. "ఏట్రా సోములూ, కోర్టులో మేకులు దిగ్గొట్టీసినావు?" అని మా అటెండరును అడిగాను. "మరేటి సెయ్యమంటారు మాస్టారూ? ఊరు మొత్తానికి సదునుగా ఉన్న జాగా ఇదొక్కటే కదా. మీరే సదును సేయించినారు" అన్నాడు. ఆటల మాస్టారుకు సన్మానం చెయ్యాలంటే ముందు ఆటస్థలం తవ్వాలి. అది లోకరీతి.

కూర్చున్నారు కాబట్టి ఆట కూడా చెప్పేస్తాను సార్, రెండు ముక్కల్లో అయిపోతుంది. మీరున్న చోట కూర్చున్న పిల్ల, ఎవరో వెనక నుంచి వచ్చి వీపు తట్టి "ఖో" అనే దాకా లేవకూడదు. అన్నారో, ఆ క్షణమే లేచి పరుగెత్తాలి, వెనక్కి తిరగకూడదు. ఖో అన్నవాళ్లు ఆ పిల్ల చోట కూర్చోవాలి. అంతే. గుర్తు పెట్టుకోండి, ఆఖర్న పరీక్ష పెడతాను. (నవ్వులు)

ఇందాక మా లెక్కల మాస్టారు హరిబాబు గారు సన్మాన పత్రం చదివారు. చాలా బాగా చదివారు. నన్ను క్రీడాజ్యోతి అన్నారు, వాలీబాల్‌లో ఈ బడికి కీర్తి కిరీటాలు తెచ్చానన్నారు. హరిబాబు గారూ, మన బడికి వాలీబాల్ జట్టే లేదండీ! ఆ పత్రం కిందటి నెల పక్క మండలంలో ఎవరికో రాసిందని నా అనుమానం. వాలీబాల్ నెట్టు మాత్రం ఒకటి ఉండేది, నిజమే. అది చిరిగిపోతే మా పేట బావలు జాలి పడి తమ వల ముక్కతో అతికి కుట్టి ఇచ్చారు. అప్పటి నుంచి బంతి అందులో పడితే ఇవతలికి రాదు, అవతలికి పోదు. ఇద్దరు మనుషులు పట్టుకుని విదిలించాలి.

హరిబాబు గారి గురించి చెప్పకుండా వెళితే పాపం తగులుతుంది. పదో తరగతి వాళ్లకు వారానికి రెండు ఆటల పీరియడ్లు. ఆ రెండూ ఏళ్ల తరబడి లెక్కలు తినేశాయి. "కూర్మయ్య గారూ, ఒక్క పీరియడ్డే, సిలబస్ మిగిలిపోయింది" అని ఆయన గుమ్మంలో నిలబడతారు, నేను ఈల జేబులో వేసుకుంటాను. పిల్లలు మాత్రం బంతి చూసినంత ఆశగా నన్ను చూసేవాళ్లు. ఆయన మీద నాకు కోపం లేదు. ఉంది, కానీ ఇవాళ చెప్పకూడదు. (నవ్వులు)

మరి ఆ ఖాళీ పీరియడ్లలో నేనేం చేసేవాణ్ణి? మధ్యాహ్న భోజనం గుడ్లు లెక్కబెట్టేవాణ్ణి. మరుగుదొడ్లకు ఫోటోలు తీసి ఫోన్లో ఎక్కించేవాణ్ణి. పైవాళ్లు వస్తున్నారంటే పిల్లల్ని రోడ్డుకు రెండు వైపులా నిలబెట్టేవాణ్ణి. గంట కొట్టడం, గేటు కాయడం, ఓటర్ల జాబితా, దోమల మందు, ఏ పనికైనా ఒకటే మాట: "డ్రిల్లు మాస్టారు ఖాళీయే కదా!" ఇన్ని పనుల మధ్య ఖాళీగా ఉండటం మామూలు విద్య కాదు. దాన్ని సాధించడానికి నాకు ముప్పై ఏడేళ్లు పట్టింది.

పోటీలంటారా, వాటి అందమే వేరు. ఎనిమిదింటికి ప్రారంభం అంటారు. ఏడింటికే పిల్లలు వరుసల్లో నిలబడతారు. పదకొండున్నరకు అతిథి గారు వస్తారు. జెండా ఎగరేసి, ఆటలు ఆరోగ్యానికి మంచివని ముప్పావు గంట చెబుతారు. అప్పటికి ఎండకు కళ్లు తిరిగి ముగ్గురు పడిపోతారు. పడిపోయిన వాళ్లను నీడకు మోయడమే ఆ రోజు జరిగే మొదటి ఆట. దానికీ ఒక బహుమతి పెట్టి ఉంటే మన బడికి కప్పులు పెట్టడానికి బీరువా చాలేది కాదు.

అంతకంటే గొప్ప సంగతి వయసు. పద్నాలుగేళ్ల లోపు బాలుర కబడ్డీ జరుగుతుంటే అవతలి జట్టు కెప్టెన్ నా దగ్గరకు వచ్చి ఎంతో మర్యాదగా, "మాస్టారూ, అగ్గిపెట్టుంటే ఇస్తారేటి?" అని అడిగాడు. (పెద్ద పెట్టున నవ్వులు) నవ్వకండి, ఆ ఏడు వాళ్లే గెలిచారు. మర్నాడు నేను వాడి పుట్టిన తేదీ కాగితం తీయించి చూస్తే పన్నెండేళ్ల పిల్లాడు. అప్పటి నుంచి నాకు పిచ్చి పట్టింది. ఏ పోటీకి వెళ్లినా ముందు బల్ల దగ్గర కూర్చుని తేదీలు తిరగేసేవాణ్ణి. దొంగ తేదీ కనబడితే ఫిర్యాదు రాసేవాణ్ణి. నా వల్ల ఇంటికి వెళ్లిపోయిన జట్లు తొమ్మిది. జిల్లాలో నాకు తేదీల కూర్మయ్య అని పేరు పెట్టారు. ఇందులో గొప్పేమీ లేదు, ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

రేపు జూలై ఒకటి. నా పుట్టినరోజు. అందుకే నాకు ఇవాళ ఆఖరి రోజు. మా అమ్మ బతికుండగా అనేది, "నువ్వు కార్తీకమాసంలో, నాగులచవితి ఎల్లిన మూడో రోజు పుట్టినావురా" అని. కానీ మా నాన్న నన్ను బడికి తీసుకెళ్లిన రోజున అప్పటి మాస్టారు ఆ మాట అడగలేదు. నా కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుతుందా అని చూశారు. అందింది, అంటే బడి ఈడు వచ్చినట్టే. రాసుకో, జూలై ఒకటి! అలా కార్తీకంలో పుట్టినవాణ్ణి ఆషాఢంలో పెద్దవాణ్ణయి, నాలుగు నెలల ముందే ఇంటికి పోతున్నాను. ఈ వేదిక మీద జూలై ఒకటిన పుట్టినవాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. మొహమాటం వద్దు. మోహనకృష్ణ గారు ఒకరు. సర్పంచి గారు... రెండు. అదిగో, త్రినాథ్ గారు కూడా ఎత్తారు! (చప్పట్లు) చూశారా పిల్లలూ, మీ పెద్దలందరూ ఒకే రోజు పుట్టారు. ఆ రోజు మంత్రసానులకు తిండి తినే తీరికైనా దొరికి ఉండదు.

ఇప్పుడు కాస్త నెమ్మదిగా వినండి.

ఎనిమిదేళ్ల కింద, జూన్ నెల. పేటలో ఉన్న ప్రాథమిక పాఠశాలలో ఇరవై మంది పిల్లలు లేకపోతే దాన్ని మూడు కిలోమీటర్ల అవతలి బడిలో కలిపేస్తామని కబురు. లెక్క చూస్తే పంతొమ్మిది. డ్రిల్లు మాస్టారు ఖాళీయే కదా, నన్ను పంపించారు. నేను పలకా, జాబితా పట్టుకుని ఇసుకలో పడి వెళ్లాను. ఒడ్డున పడవ నీడలో లక్ష్మణమ్మ కూర్చుని చేపలు కోస్తోంది. అదిగో, ఆ మూడో వరుసలో కొంగు నెత్తిన వేసుకుని కూర్చుంది, ఆవిడే. పక్కన ఇంత పిల్ల పీత వెనకాల పడింది. పీత ఎటు తిరిగితే అటు తిరుగుతోంది. పీత అలిసిపోయింది గానీ పిల్ల అలవలేదు. నేను అలా నిలబడిపోయి చూశాను.

"ఈ గుంటకి ఎన్నేళ్లమ్మా?" అన్నాను.

"నాలుగు ఎల్లినాయి బాబూ. రథసప్తమి నాడు పుట్టినాది. ఆ దినం ఆటోలన్నీ సూర్నారాయణ సామి గుడికని అరసవిల్లి ఎల్లిపోనాయి. ఒక్కటి దొరకనేదు. నొప్పులతోటి నడిసి ఎల్లినాను ఆస్పత్రికి. ఆ దినం నానెలా మరిసిపోతాను?"

వినండి. ఆ తల్లి తేదీ చెప్పింది. అది నొప్పులు పడి నడిచిన రోజు, ఏ రిజిస్టరుకన్నా గట్టి సాక్ష్యం. నేను విన్నాను. విని, ఆ పిల్ల కుడిచేతిని తల మీదుగా తిప్పాను. చెవి అందలేదు. రెండు వేళ్ల దూరంలో ఆగిపోయింది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? ఆ చేతిని పట్టుకుని లాగాను.

లాగితే అందింది. రాశాను: ఆరేళ్లు, జూలై ఒకటి. పేరు దేముడమ్మ. ఇరవై మంది అయ్యారు, బడి నిలబడింది, నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని చట్రం కట్టించి ఇంట్లో వేలాడదీశాను. పుట్టి నాలుగేళ్లయిన పిల్లను ఏడాదిన్నర పెద్దదాన్ని చేసినందుకు ఇచ్చిన పత్రం అది. ఆ మాట అందులో రాయలేదు.

ఆ దేముడమ్మ ఇప్పుడు తొమ్మిదో తరగతి. లేవమ్మా, ఒకసారి లే. సిగ్గు పడకు. చాలు, కూర్చో. కిందటి ఏడు జిల్లా పోటీల్లో పద్నాలుగు లోపు ఖో-ఖోలో, ఏడు నిమిషాల ఆటలో అయిదు నిమిషాలు ఈ పిల్ల ఒక్కతే తప్పించుకు తిరిగింది. తొమ్మిది మంది కలిసి ముట్టుకోలేకపోయారు. అవతలి మాస్టారు తల పట్టుకుని కూర్చున్నాడు. ఎంపిక చేసేవాళ్లు వచ్చి, "చిన్నది కదా, ఈసారికి అదనపు క్రీడాకారిణిగా వేస్తాం, వచ్చే ఏడు రాష్ట్ర జట్టు ఈమెతోనే మొదలు" అన్నారు. రాష్ట్రానికి ఆడితే క్రీడా హాస్టల్లో సీటు, అక్కడే చదువు, తిండి, బూట్లు.

ఆ వచ్చే ఏడు ఇదే. కానీ రేపు జూలై ఒకటి. కాగితం ప్రకారం రేపు ఈ పిల్లకు పద్నాలుగు నిండిపోతాయి. నిండితే ఆ జట్టులో చోటు లేదు. పదిహేడు లోపు జట్టులో ఆడించవచ్చుగా అంటారు. ఆ జట్లలో పిల్లలు నాకంటే పొడుగు. పన్నెండేళ్ల దాన్ని వాళ్ల మధ్యకు తోస్తే రెండో రోజుకే మోకాలు పట్టుకుని ఇంటికి వస్తుంది.

లోకంలో ఆటల మాస్టర్లందరూ పిల్లల వయసు తగ్గించి ఆడిస్తారు. పెంచి ఆపేసినవాణ్ణి నేనొక్కణ్ణే. పైగా తేదీల కూర్మయ్యను! (నవ్వులు) నవ్వండి, పరవాలేదు. నాకు మాత్రం ఏడుపే వచ్చింది. మొన్న లక్ష్మణమ్మ నా ఇంటి అరుగు మీదకొచ్చి కూర్చుని, "ఈ ఏడు ఆడితే ఆస్టల్లో సీటొస్తాది అన్నారు కదా బాబూ. రాదంటే సెప్పీయండి, నాతోపాటు రొయ్యల షెడ్డుకి తీసుకెల్లిపోతాను. ఆశ పెట్టీసి ఒగ్గీకండి" అంది. ఆవిడకు ఇప్పటి దాకా తెలియదు, ఆ రోజు కాగితం మీద తప్పు తేదీ రాసింది నేనని. ఇప్పుడే తెలిసింది. అమ్మా లక్ష్మణమ్మా, నువ్వు సరిగ్గానే చెప్పావు. నేనే తప్పు రాశాను. తిట్టాలనుంటే ఇక్కడే తిట్టు, మైకు కూడా ఇస్తాను.

(సభలో నుంచి లక్ష్మణమ్మ: "తిట్టి ఏటి సేస్తాను బాబూ? గుంట ఆడతాదా, ఆడదా, అది సెప్పండి ముందు!")

అదే చెబుతున్నానమ్మా. ఆస్పత్రి రిజిస్టరులో నీ రథసప్తమి అలాగే ఉంది. నకలు తెచ్చాను. దాన్ని పెట్టి, తప్పు తేదీ రాసింది నేనేనని ఒప్పుకుంటూ ఫిబ్రవరిలోనే అర్జీ పెట్టాను. పెట్టిన రోజు ఆఫీసు గుమాస్తా నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు. "మీరూ మొదలెట్టీసినారేటి మాస్టారూ! ఊరందరి దొంగ తేదీలు పట్టుకుని, ఆఖర్న మీరూ వయసు దించుతన్నారా?" అన్నాడు. ముప్పై ఏళ్లు నిజం కోసం దెబ్బలాడినందుకు నాకు దక్కిన ఫలం ఇది. నా నోటి నుంచి వచ్చిన ఒక్క నిజమైన తేదీని ఎవరూ నమ్మలేదు.

తర్వాత ఆ అర్జీ మూడు బల్లలు దాటి త్రినాథ్ గారి బల్ల మీదకు వచ్చింది. సార్, మీరు మంచివారు. నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించి, "కూర్మయ్య గారూ, రిటైర్మెంటు ముందు ఇవన్నీ ఎందుకు? తప్పు రాశానని మీ అంతట మీరే ఒప్పుకుంటే పెన్షను కాగితాలు ఎక్కడో ఆగుతాయి. చూద్దాం లెండి" అన్నారు. నా మేలు కోరే అన్నారు. ఆ చూద్దాం మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి, సెలవుల తర్వాత ఒకసారి. ఇవాళ జూన్ ముప్పై. తేదీ రాసినవాడు ఇంకా సర్వీసులో ఉండగానే అతని వాంగ్మూలం మీద మీ సంతకం పడితే దిద్దుతారు. సాయంత్రం అయిదు దాటితే నేను మాజీని. ఉద్యోగి రాస్తే అది కాగితం, మాజీ రాస్తే అది విన్నపం. మన ఆఫీసుల్లో విన్నపాలు ఏ బీరువాలో ఉంటాయో ఈ సభలో అందరికీ తెలుసు.

మా హెడ్మాస్టారు నన్ను అడిగారు, ముఖ్య అతిథిగా ఎవరిని పిలుద్దామని. పెద్ద పెద్ద పేర్లు చెప్పారు. వద్దండీ, త్రినాథ్ గారే రావాలని పట్టుబట్టాను. అది విని త్రినాథ్ గారు సంబరపడిపోయి, కూర్మయ్యకు ఎంత గౌరవమో అనుకున్నారు. గౌరవం ఉంది సార్. అవసరం అంతకంటే ఎక్కువ ఉంది. (నవ్వులు, చప్పట్లు)

ఇక పెన్షను మాట. ఇప్పుడు మూడు వందల మంది ముందు ఒప్పుకున్నాను కాబట్టి ఇందులో దాచడానికి ఏమీ మిగల్లేదు. ఆగితే ఆగనివ్వండి. మా ఇంటావిడ రాణి వెనక వరుసలో కూర్చుని నన్ను చూస్తోంది. రాత్రే చెప్పాను ఆవిడకు. "ఆగితే ఎన్నాళ్లు ఆగుతాది? మనకేటి పిల్లలా, జెల్లలా? ఆ గుంట సంగతి సూడు ముందు" అంది. మాకు పిల్లలు లేరు. ఈ కోర్టులో పరుగెత్తినవాళ్లే.

ఇక ఒక్క పని మిగిలింది. సోములూ, ఆ మైకు తీగ కాస్త వదులు చెయ్యరా, త్రినాథ్ గారి కుర్చీ వెనక్కి వెళ్లాలి. కాలికి తగలనీయకు. ఆఁ, చాలు.

ఈ సభ ఏర్పాటు చేసిన అందరికీ, శాలువాలు కప్పినవాళ్లకు, ఎవరికో రాసిన పత్రమైనా ప్రేమగా చదివిన హరిబాబు గారికి, మేకులు దిగ్గొట్టిన సోములుకు, రేపు పొద్దున్నే ఆ మేకులు పీకి గోతులు పూడ్చబోయే నా పిల్లలకు కృతజ్ఞతలు. హరిబాబు గారూ, నా తర్వాత ఈ బడికి ఆటల మాస్టారు వచ్చే దాకా ఆ రెండు పీరియడ్లూ మీ దగ్గరే ఉంటాయి. ఒక్కటైనా వాళ్లకు వదలండి. లెక్కలు ఎక్కడికీ పోవు.

త్రినాథ్ గారూ, మీరు వెనక్కి తిరగకండి. ఫౌలవుతుంది. నా వాంగ్మూలం కాగితం మీ ముందు బల్ల మీద, పూలదండ కిందే ఉంది. మీరు ఇందాక నాకు బహూకరించిన పెన్ను దాని పక్కనే పెట్టాను. గంట నాలుగూ నలభై. మీ చేతిని కూడా ఎవరో చిన్నప్పుడు చెవి మీదికి లాగే ఉంటారు సార్, మీరూ జూలై ఒకటో తారీఖు పిల్లాడే. నేను ముప్పై ఏడేళ్లు పరుగెత్తాను, ఇక మీ చోట కూర్చుంటాను. మీరు లేవాలి.

ఖో!

సెలవు.